పేరుకు గుత్త: రేసింగ్ వీడియో ఆటలలో కార్ల బ్రాండ్ల ఏకైక లైసెన్సుల చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ట్రేడ్‌మార్కు, లైసెన్సు, ఏకైక లైసెన్సు అనే భావనల మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• 1986 నుంచి 2017 వరకు రేసింగ్ ఆటలలో కార్ల పేర్ల వాడకం ఎలా మారిందో వివరించగలుగుతారు.
• ఏకైక లైసెన్సు వల్ల ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో అంచనా వేయగలుగుతారు.
• ట్రేడ్‌మార్కు హక్కును, వరంగల్ దర్రీలకు లభించిన భౌగోళిక గుర్తింపు హక్కును పోల్చగలుగుతారు.

1.1 పరిచయం

వరంగల్‌లో కొత్త తెలుగు సినిమా విడుదలైనప్పుడు దానిని ఇక్కడి థియేటర్లకు ఇచ్చే హక్కు నైజాం ఏరియా పంపిణీదారుది. ఆంధ్ర, సీడెడ్ ఏరియాలకు హక్కుదారులు వేరు. సినిమాకు యజమాని నిర్మాతే అయినా, ఫలానా ప్రాంతంలో ప్రదర్శించే హక్కును ఒక్కరికే రాసిస్తాడు. అంతకుముందు మన గ్రామాలలో సారా అమ్మకపు హక్కును వేలంలో పాడుకున్న గుత్తేదారు విషయమూ ఇంతే. పాట అతని పేరున ఖాయమైతే ఆ ప్రాంతంలో మరొకరు సారా అమ్మడానికి వీల్లేదు. గుత్త చెల్లించినవాడు అమ్మే హక్కుతో పాటు పోటీదారు లేకపోవడాన్ని కూడా కొనుక్కుంటాడు. ఈ పాఠానికి ఇదే మూల భావన.

వీడియో ఆటల పరిశ్రమలో ఇదే పద్ధతి కార్ల పేర్లకు వచ్చింది. 2005 తరువాత హనుమకొండ ఇంటర్నెట్ సెంటర్లలో 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' ఆడిన విద్యార్థులు అందులో పోర్షే కార్లను నడిపారు. అదే కాలంలో 'గ్రాన్ టురిస్మో' ఆడినవారికి ఆ పేరు గల కారు కనిపించలేదు. రెండు ఆటలూ కార్ల మీద ప్రేమతో తయారైనవే. మరి ఈ తేడా ఎందుకు? సమాధానం యంత్రశాస్త్రంలో కాక ఒప్పంద పత్రంలో ఉంది.

1.2 అనుమతి అడగని తొలి దశ

1986లో జపాన్ కంపెనీ సెగా 'అవుట్ రన్' అనే ఆర్కేడ్ ఆటను విడుదల చేసింది. దాని రూపకర్త యు సుజుకి. అందులోని పై కప్పు లేని ఎర్ర కారు ఫెరారీ టెస్టరోసాను పోలి ఉంటుందని చూసిన వారెవరైనా చెప్పగలరు. అయితే అది ఫెరారీ లైసెన్సుతో చేసిన ఆట కాదు. తరువాతి కాలంలో ఆ ఆటను కొత్త యంత్రాలకు మార్చి విడుదల చేసినప్పుడు కారు ఆకారాన్ని మార్చవలసి వచ్చింది. 1987లో వచ్చిన 'టెస్ట్ డ్రైవ్' మరో అడుగు ముందుకు వేసి పోర్షే, ఫెరారీ, లంబోర్గినీ, లోటస్, కార్వెట్ పేర్లనే తెరమీదకు తెచ్చింది.

అప్పటి చిత్రాలు కొద్దిపాటి చుక్కలతో గీసిన బొమ్మలు. ఆ బొమ్మ అసలు కారుకు బదులు కాగలదని గానీ, దాని పరువు తీయగలదని గానీ ఎవరూ అనుకోవడానికి ఆస్కారం తక్కువ. 1990లలో పరిస్థితి మారింది. 1994లో అమెరికన్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఇకపై ఈఏ) 'రోడ్ అండ్ ట్రాక్' అనే కార్ల పత్రికతో కలిసి తొలి 'నీడ్ ఫర్ స్పీడ్'ను తెచ్చింది. 1997 డిసెంబరులో జపాన్‌లో సోనీ 'గ్రాన్ టురిస్మో' వచ్చింది. ఇంజిను శబ్దం, మలుపులో కారు ఒరిగే తీరు, లోపలి అమరిక అన్నీ అసలు కారును గుర్తుచేశాయి. బొమ్మ అసలుకు దగ్గరైన కొద్దీ అసలు యజమాని తన హక్కును గుర్తుచేసుకున్నాడు.

ఆ హక్కుల స్వరూపం ఇది. కంపెనీ పేరు, చిహ్నం ట్రేడ్‌మార్కు కిందికి వస్తాయి. కారు ఆకృతికి డిజైను హక్కు ఉండవచ్చు. వీటిని వాడుకోవడానికి యజమాని ఇచ్చే అనుమతి లైసెన్సు. ఒకే పేరుకు పదిమందికి లైసెన్సు ఇవ్వవచ్చు. ఒక్కరికే ఇచ్చి, మరెవరికీ ఇవ్వనని మాట ఇస్తే అది ఏకైక లైసెన్సు.

1.3 పోర్షే – ఈఏ ఒప్పందం (2000–2016)

2000లో ఈఏ కేవలం పోర్షే కార్లతోనే ఒక ఆటను విడుదల చేసింది. అమెరికాలో దాని పేరు 'నీడ్ ఫర్ స్పీడ్: పోర్షే అన్‌లీష్డ్'. అందులో ఆటగాడు 1950 నాటి 356 నమూనాతో మొదలుపెట్టి, దశాబ్దాలు దాటుతూ 2000 నాటి కార్ల దాకా వస్తాడు. ఆడుకుంటూనే కంపెనీ చరిత్ర నేర్చుకునే ఏర్పాటు ఇది. చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. యజమాని అనుమతితో, అతని పేరుమీద రాసిన చరిత్ర ఎక్కడ మొదలవుతుంది? ఈ ఆటలో నడిపే కార్లు 1950తో మొదలవుతాయి. నాజీ పాలనాకాలంలో ఫెర్డినాండ్ పోర్షే ఫోక్స్‌వాగన్ కారుకూ యుద్ధ ట్యాంకులకూ చేసిన రూపకల్పన అంతకు ముందటిది. దానిని మనం వేరే గ్రంథాలలో చదువుకోవాలి.

ఆ కాలం నుంచి 2016 చివరి వరకు వీడియో ఆటలలో పోర్షే పేరు వాడే ఏకైక హక్కు ఈఏ చేతిలో ఉంది. ఇతర సంస్థలకు కావాలంటే పోర్షేతో పాటు తమ పోటీదారు అయిన ఈఏ కూడా ఒప్పుకోవాలి. అది ఉపలైసెన్సు ఇస్తేనే దారి.

రెండు పక్షాలకూ ఇందులో ప్రయోజనం ఉంది. కారు కంపెనీకి ఒకే చోట నుంచి స్థిరమైన ఆదాయం వస్తుంది. తన కారును ఎలా చూపుతారు, ప్రమాదంలో ఎంత నుజ్జయినట్టు చూపుతారు అన్న విషయాలను ఒక్కరితో మాట్లాడుకుంటే సరిపోతుంది. ఆట కంపెనీకి పోటీదారు కొట్లో దొరకని సరుకు తన కొట్లో ఉంటుంది.

ఇటువంటి ఒప్పందాల షరతులు సాధారణంగా బయటికి రావు. కాబట్టి చరిత్రకారుడు ఆటలలోని కార్ల జాబితాలనే ఆధారంగా తీసుకోవాలి. ఏ ఏడాది, ఏ ఆటలో ఏ పేరు లేదో గమనించాలి. శాసనంలో చెక్కేసిన పంక్తి ఎలా సాక్ష్యమవుతుందో, జాబితాలో లేని పేరు కూడా అలాగే సాక్ష్యమవుతుంది.

1.4 పక్కదారి: రూఫ్

జర్మనీలోని బవేరియాలో ఫాఫెన్‌హౌసెన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి రూఫ్ సంస్థ పోర్షే కార్ల ఆధారంగా మరింత వేగవంతమైన కార్లను తయారుచేస్తుంది. 1981లో జర్మన్ ప్రభుత్వం దానిని స్వతంత్ర కార్ల తయారీదారుగా గుర్తించింది. ఆ సంస్థ పోర్షే గుర్తులు లేని బాడీలను తీసుకుని, తన సొంత చాసిస్ నంబరుతో కారును పూర్తి చేస్తుంది. 1987లో వచ్చిన 'యెల్లోబర్డ్' దాని ప్రసిద్ధ వాహనం.

చట్టం దృష్టిలో అది రూఫ్ కారు. కంటికి పోర్షే. 1999 నాటి 'గ్రాన్ టురిస్మో 2' మొదలుకొని ఆ ఆటల శ్రేణి రూఫ్ కార్లను చేర్చుకుంది. అలా లక్షలాది ఆటగాళ్ళకు ఒక చిన్న ఊరి సంస్థ పేరు పరిచయమైంది. పెద్ద పేరుకు గోడ కట్టినప్పుడు ఆ గోడ నీడలో చిన్న పేరు పెరగవచ్చునని చెప్పడానికి ఇది ఉదాహరణ. కానీ ఇది ఒప్పందం రాసుకున్నవారు కోరుకున్న ఫలితం కాదు.

1.5 ఫోర్జా ఘట్టం

మైక్రోసాఫ్ట్ వారి 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' తొలి ఆటలలో ఉపలైసెన్సు ద్వారా పోర్షే కార్లు ఉండేవి. 2011 అక్టోబరులో వచ్చిన నాలుగో ఆట మాత్రం పోర్షే లేకుండానే విడుదలైంది. అక్కడ కూడా రూఫ్ కార్లే ఆ ఖాళీని కొంత పూడ్చాయి. చివరకు 2012 మేలో పోర్షే కార్లు విడిగా డబ్బు చెల్లించి కొనుక్కునే అదనపు భాగంగా వచ్చాయి. అంతకుముందు ఆట ధరలోనే దొరికిన పేరుకు ఇప్పుడు వేరే వెల కట్టవలసి వచ్చింది. ఆ వెల చెల్లించినవాడు ఆటగాడు. ఒప్పందంలో అతని సంతకం మాత్రం లేదు.

2016తో ఏకైక హక్కు ముగియగానే మార్పు స్పష్టంగా కనిపించింది. 2017లో 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 7', 'గ్రాన్ టురిస్మో స్పోర్ట్', 'ప్రాజెక్ట్ కార్స్ 2' మూడింటిలోనూ పోర్షే ఉంది. ఆ ఖాళీకి సాంకేతిక కారణం ఏదీ లేదని ఒక్క ఏడాదిలోనే రుజువైంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఏకైక లైసెన్సుకు, సాధారణ లైసెన్సుకు తేడా ఏమిటి?
2. రూఫ్ కార్లు ఆటలలో చేరడానికి చట్టపరమైన కారణం ఏమిటి?

1.6 గుత్త – ధర – గడువు

ఏకైక లైసెన్సు ధరను ఎలా ప్రభావితం చేస్తుందో తెలుసుకోవడానికి కార్ల ఆటల పక్కనే ఉన్న క్రీడా ఆటలను చూడాలి. 2004లో అమెరికన్ ఫుట్‌బాల్ మీద రెండు ఆటలు పోటీపడ్డాయి. సెగా అమ్మిన ఆట ధర 19.99 డాలర్లు. ఈఏ వారి 'మాడెన్' ధర 49.95 డాలర్లు. పోటీ వల్ల ఈఏ తన ధరను 29.95కు తగ్గించింది. అదే ఏడాది డిసెంబరులో ఈఏ ఆ ఫుట్‌బాల్ లీగుతో ఏకైక లైసెన్సు కుదుర్చుకుంది. తక్కువ ధర ఆట మార్కెట్ నుంచి తప్పుకుంది. తరువాతి మాడెన్ మళ్ళీ పాత ధరకే వచ్చింది. 2008లో కొనుగోలుదారులు కోర్టుకు వెళ్ళారు. 2012లో ఈఏ 2.7 కోట్ల డాలర్లతో రాజీకి అంగీకరించింది.

మన దేశంలో ఇటువంటి ఒప్పందాలను 2002 నాటి పోటీ చట్టం పరిశీలిస్తుంది. మూడవ సెక్షన్ ప్రకారం ఏకైక పంపిణీ వంటి ఒప్పందాలు వాటంతట అవే చెల్లనివి కావు. అవి పోటీకి గణనీయమైన హాని చేస్తున్నాయా లేదా అని చూడాలి. ట్రేడ్‌మార్కు వంటి హక్కులను కాపాడుకోవడానికి అవసరమైన సహేతుక షరతులకు అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 'సహేతుకం' అన్న ఆ ఒక్క మాట మీదనే వాదమంతా నడుస్తుంది.

రెండవ సమస్య గడువు. ఏకైకమైనా కాకపోయినా లైసెన్సుకు ఒక చివరి తేదీ ఉంటుంది. ఫెరారీ లైసెన్సుతో 2009లో వచ్చిన 'అవుట్ రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్' కొద్ది సంవత్సరాలకే అమ్మకం నుంచి వెళ్ళిపోయింది. 'ఫోర్జా హొరైజన్ 4' అమ్మకం 2024 డిసెంబరులో ఆగిపోయింది. ముందే కొన్నవారు ఆడుకోవచ్చు గానీ కొత్తవారు డిజిటల్ దుకాణంలో కొనలేరు. అచ్చు పుస్తకం అమ్మకం ఆగినా గ్రంథాలయంలో ఒక ప్రతి మిగులుతుంది. డిజిటల్‌గా మాత్రమే అమ్మిన ఆటకు ఆ భరోసా లేదు. రేపటి చరిత్రకారునికి ఇది ఆధారాల సమస్య.

1.7 మన ఊరి పేరు ఎవరిది?

ఇప్పుడు వరంగల్‌కు వద్దాం. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలను ప్రదర్శించారు. నేడు కొత్తవాడ నేతకారుల దర్రీలు, మన వాడుకలో జంపఖానాలు, ఆ పేరును నిలబెడుతున్నాయి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు చాలా ముందే పోచంపల్లి ఇక్కత్‌కు అది లభించింది.

ఒక ఊహ చేద్దాం. ఒక పెద్ద కంపెనీ కొత్తవాడకు వచ్చి, 'వరంగల్ దర్రీ అన్న పేరును పదహారేళ్ళపాటు మాకొక్కరికే రాసివ్వండి, మంచి డబ్బు ఇస్తాం' అంటే ఏమవుతుంది? ఆ పేరును రాసివ్వడానికి చట్టం ఒప్పుకోదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఈ హక్కును బదిలీ చేయకూడదు, లైసెన్సుకు ఇవ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు. నమోదైన వినియోగదారు మరణిస్తే వారసులకు మాత్రం సంక్రమిస్తుంది. పోర్షే పేరుకు యజమాని ఒక కంపెనీ. వరంగల్ దర్రీ పేరు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ. అందరిదైనదాన్ని ఒక్కరికి గుత్తకు ఇవ్వడం కుదరదు.

ఇంతటితో నేతకారుని సమస్య తీరిందనుకోవడం పొరపాటు. పోర్షే కథలో సమస్య ఇతరులను బయట నిలపడం. నేతకారుని కథలో సమస్య తిరగబడుతుంది. మరమగ్గం మీద నేసి అచ్చువేసిన బట్టను పోచంపల్లి పేరుతో అమ్మితే పేరు బజారులో ఉంటుంది, నేసినవాడు బయట ఉంటాడు. ఇంకొక చిక్కు కూడా ఉంది. చట్టం పేరుకు గుత్త వద్దంటుంది గానీ సరుకుకు వద్దనదు. నూలు అప్పుగా ఇచ్చి, నేసినదంతా తానే కొనే వ్యాపారి ఉన్నచోట పేరు స్వేచ్ఛగా ఉన్నా మగ్గం స్వేచ్ఛగా లేనట్టే. అందుకే నేతకారుల సహకార సంఘం, నూలు సరఫరా, నమోదైన వినియోగదారుల జాబితా ఇవన్నీ పేరంత ముఖ్యమైనవి.

1.8 సారాంశం

రేసింగ్ ఆటలలో కార్ల పేర్లు మొదట అనుమతి లేకుండా, తరువాత లైసెన్సుతో, ఆ తరువాత కొన్ని ఏకైక లైసెన్సుతో వాడుకలోకి వచ్చాయి. పోర్షే – ఈఏ ఒప్పందం ఒక పేరును పదహారేళ్ళు ఇతర ఆటలకు దాదాపు దూరం చేసింది. దానివల్ల రూఫ్ వంటి సంస్థకు గుర్తింపు వచ్చింది, ఆటగాడికి అదనపు ఖర్చు వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల ఉదాహరణ పోటీ పోతే ధర ఏమవుతుందో చూపింది. భౌగోళిక గుర్తింపు చట్టం సమష్టి పేరును గుత్తకు ఇవ్వనివ్వదు. అయితే పేరు మీద హక్కు, పని మీద హక్కు ఒకటి కావు. ఏ ఒప్పందం చదివినా రెండు ప్రశ్నలు వేయండి: దీనిలో ఎవరి సంతకం ఉంది? దీని ఖర్చు ఎవరు భరిస్తారు?

1.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రేసింగ్ వీడియో ఆటలలో కార్ల బ్రాండ్ల లైసెన్సు విధానం పరిణామాన్ని వివరించండి.
2. ట్రేడ్‌మార్కు హక్కును, భౌగోళిక గుర్తింపు హక్కును ఉదాహరణలతో పోల్చండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'జాబితాలో లేని పేరు కూడా సాక్ష్యమే' – చర్చించండి.
2. లైసెన్సు గడువు ముగియడం వల్ల చారిత్రక ఆధారాలకు కలిగే నష్టం ఏమిటి?
3. మీ ప్రాంతంలో భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువును ఒకదానిని ఎంచుకుని, దానిని తయారుచేసేవారికి ఆ పేరు వల్ల అందుతున్న ప్రయోజనాన్ని విచారించి రాయండి.