రాయనపాడు దాటాక వచ్చే కార్ఖానా

విజయవాడ నుంచి ఖాజీపేట వైపు వెళ్లే రైలెక్కితే ముందు రాయనపాడు వస్తుంది. అక్కడే రైల్వే వారి వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. గుంటుపల్లి వర్క్‌షాపు అని కూడా అంటారు. దేశమంతా తిరిగి నలిగిన గూడ్సు పెట్టెలు మరమ్మతుకు అక్కడికి చేరతాయి. ఆ తర్వాతి స్టేషను కొండపల్లి. అక్కడా బళ్లు తయారవుతాయి. కాకపోతే అవి ఎడ్లబళ్లు, అరచేతిలో పట్టేవి. ఎద్దులూ, తోలేవాడూ బండితోపాటే వస్తారు.

ప్రత్యేక సంచికల్లో సంస్థ చరిత్ర అంటే శంకుస్థాపన తేదీ, అధ్యక్షుల ఫొటోలు, కొత్త భవనం, విరాళాల పట్టిక. కొండపల్లి బొమ్మల పరిశ్రమకు వీటిలో ఒక్కటీ లేదు. ప్రారంభించిన రోజు ఎవరికీ తెలియదు. ఈ పని చేసే ఆర్యక్షత్రియులు తమ పెద్దలు కొన్ని శతాబ్దాల కింద రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. మూలపురుషుడు ముక్తఋషి అనీ, బ్రహ్మాండ పురాణంలో తమ ప్రస్తావన ఉందనీ అంటారు. కొండ మీది ఖిల్లా రెడ్డిరాజుల నుంచి గజపతులకు, వాళ్ల నుంచి కృష్ణదేవరాయలకు, తర్వాత గోల్కొండ సుల్తానులకు చేతులు మారింది. నిజాం రైల్వే 1889లో బెజవాడ దాకా పట్టాలు వేసింది. కొండ కింది వీధుల్లో ఉలి మాత్రం ఒకే కులం ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వస్తూనే ఉంది. నా లెక్కలో ఇక్కడ సంస్థ అంటే ఇల్లే. ఈ పనివాళ్లుండే బొమ్మల కాలనీలో వసారాయే కార్ఖానా, పంచే గిడ్డంగి, ఇంటి మనుషులే సిబ్బంది.

పని ఎలా పంచుకుంటారో చూస్తే ఆ మాట నిజమని తెలుస్తుంది. కర్ర తెల్లపొణికి. చుట్టుపక్కల కొండల మీది అడవి చెట్టు; తేలిక, మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. దుంగను ఆరబెట్టి, ముక్కలు కోసి, సన్నని సెగ మీద కాచి తడి పూర్తిగా పోగొడతారు. తడి మిగిలితే తర్వాత బీటలిస్తుంది, రంగు లేచిపోతుంది. చెక్కడం ఎక్కువగా మగవాళ్ల పని. ఒకే దుంగలోంచి మనిషిని మొత్తంగా తీయరు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు, చేతిలో రోకలో కుండో అది వేరు. ఏనుగుకు తొండం, చెవులు కూడా అంతే. వీటిని అతికేది మక్కు: చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద. అతుకులు పూడ్చేదీ, మెలి తిరగాల్సిన చోట మెలి తిప్పేదీ, చీర కుచ్చెళ్లు తేల్చేదీ ఆ మక్కే. అది ఆరాక ఆకురాయితో నున్నగా రాస్తారు, తెల్ల సుద్ద పూస్తారు. అక్కడి నుంచి బొమ్మ చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతికి వెళ్తుంది. మేక వెంట్రుకల కుంచెతో రంగులు, చివరికి కళ్లు. ఒకప్పుడు చెట్ల నుంచి తీసిన రంగులు. తర్వాత ఎనామెల్ వచ్చింది, మెరుపు వచ్చింది. ఇప్పుడు ప్రకృతి రంగులే కావాలని అడిగే కొనుగోలుదారులూ ఉన్నారు. నన్నడిగితే ఆ మెరుపు లేని బొమ్మలే కంటికి హాయి.

ఏటికొప్పాక బొమ్మతో దీన్ని కలిపేవాళ్లున్నారు. అది వేరే దారి. అక్కడ అంకుడు కర్ర, తిరిగే లేతు మిషను, లక్క. లేతు మీద తిరిగిన వస్తువు గుండ్రంగానే వస్తుంది. కొండపల్లి బొమ్మ వంగుతుంది, కూర్చుంటుంది, తిరగలి విసురుతుంది, చెట్టెక్కుతుంది.

ఆ చెట్టెక్కడం దగ్గర కాసేపు ఆగాలి. ప్రపంచమంతటా బుల్లి రైళ్లు చేతితో చేసుకునే అభిమానులున్నారు. వాళ్లకు కొలతే మతం. ఎక్కువ దేశాల్లో అసలుకు ఎనభై ఏడో వంతు, బ్రిటన్‌లో ఎక్కువగా డెబ్బై ఆరో వంతు. ఎనభై ఏడో వంతు లెక్కన ఇరవై ఒక్క మీటర్ల పైచిలుకు ఉండే మన పాత రకం ప్రయాణికుల పెట్టె జానెడు దాటి కొంచెం ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టే మనిషి రెండు సెంటీమీటర్లు. అంతకు మించితే తోటి అభిమానులు ఒప్పుకోరు. ఇదే లెక్క మనిషి ఎక్కుతున్న కొండపల్లి తాడిచెట్టు బొమ్మకు పెడితే ఏమవుతుంది? ఇరవై మీటర్ల చెట్టు మీద మనిషి పన్నెండో వంతు. అడుగు ఎత్తు బొమ్మలో కల్లు గీసేవాడు అంగుళం! మోకు కనబడదు, నడుముకు కట్టిన కుండ కనబడదు, వాడి మొహం అసలే కనబడదు. కొండపల్లి పనివాడు చెట్టును కుదించి మనిషిని పెంచాడు. అంబారీ మోసే ఏనుగుకూ అంతే, పల్లకీ బోయీలకూ అంతే: ఎవరి పని ముఖ్యమో వాళ్లు పెద్దగా ఉంటారు. ఇది కొలత తెలియక జరిగింది కాదు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువులో మెట్ల మీద పెట్టిన బొమ్మను పేరంటానికి వచ్చినవాళ్లు నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు. అక్కడి నుంచి ఎవరు ఏం చేస్తున్నారో తెలియాలి. కొలువు మెట్ల మీద దశావతారాల పక్కనే రోకలి పట్టిన ఆడమనిషి, గంగిరెద్దు, తాడిచెట్టు నిలబడతాయి. కృష్ణా జిల్లా పల్లె ఎలా బతికిందో రాసిపెట్టిన పుస్తకాలకంటే ఈ మెట్లు నాకెక్కువ చెప్పాయి.

సర్కారు వైపు చరిత్రను త్వరగా చెప్పేయవచ్చు. లేపాక్షి దుకాణాలు అమ్మకానికి నిలబడ్డాయి, భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు 30న ప్రధాని మన్ కీ బాత్‌లో దేశంలోని బొమ్మల ఊళ్లను చెబుతూ కొండపల్లి పేరు కూడా తీశారు. ఇంతకంటే నాకు ముఖ్యంగా తోచేది పెద్దగా వార్తలకెక్కని ఒక సవరణ. ఆటబొమ్మలన్నిటికీ బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ బొమ్మకు ప్రయోగశాల పరీక్షలు పెట్టడం సబబే. వసారాలో కూర్చుని చెక్కేవాడు ప్రయోగశాల ఎక్కడ తెస్తాడు? 2020 డిసెంబరులోనే సవరణ చేసి, హస్తకళల కమిషనరు వద్ద నమోదైన కళాకారుల బొమ్మలను, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటిని మినహాయించారు. అది రాకపోయి ఉంటే బొమ్మల కాలనీ రాత్రికి రాత్రి చట్టవిరుద్ధమయ్యేది.

ఇప్పటి చిక్కులు కాగితం మీద తీరేవి కావు. దగ్గరి కొండల్లో పొణికి పలచబడింది. కర్ర దూరం నుంచి తెచ్చుకోవాలి, ధర పెరిగింది. మొక్కలు నాటుతున్నారు గానీ దుంగ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం, చుట్టూ పరిశ్రమలు; నెల జీతం కనబడుతుంటే కుర్రవాడిని ఉలి దగ్గర కూర్చోబెట్టడం కష్టం. కూర్చోమనడానికి మనకు హక్కూ లేదు.

2022లో మొదలైన ‘ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి’ పథకం కింద విజయవాడ స్టేషనులో కొండపల్లి బొమ్మలకు చోటిచ్చారు. మంచి పనే. అయితే రైలందుకునే హడావిడిలో ఉన్నవాడు అంబారీ ఏనుగును ఏ బెర్తు కింద పెట్టుకుంటాడు? సంచీలో ఇమిడేది, చేతులు విరగనిది, రెండు మూడు వందల్లో వచ్చేది అడుగుతాడు. కాలనీలో చెక్కేవాడు దానికి తగ్గట్టే కర్ర కోస్తాడు. కొలువు మెట్టు కోసం పుట్టిన బొమ్మ సైజును ఇకమీదట ప్రయాణికుడి సంచీ నిర్ణయిస్తుంది. అందులో తాడిచెట్టు ఇంకా పొట్టిదవుతుంది. గీసేవాడిని మాత్రం తగ్గించకుండా ఎలా చెక్కాలో వాళ్లే చూసుకోవాలి.