పదవ మల్లుడు

కుస్తీ యనగానే మన కండ్లకు గట్టునది ఒక గోదా, ఇరువురు వస్తాదులు. మన తాలింఖానాలలో ఉస్తాదు తన శిష్యులలో మేటివానిని బరిలోనికి దింపును. వాని గెలుపే తాలింఖానా గెలుపు. అమెరికా కళాశాలలలో ఈ విద్య వేరొక దారి పట్టినది. అచ్చట గెలువవలసినది మనిషి కాదు, జట్టు. జట్టనగా పదిమంది, ఒక్కొక్కరిది ఒక్కొక్క బరువు. ఇప్పటి లెక్కలో 125 పౌనులతో మొదలై 285 పౌనులతో ముగియు పది మెట్ల నిచ్చెన యది.

రెండు కళాశాలలు తలపడునపుడు మామూలు గెలుపునకు 3 పాయింట్లు, ప్రత్యర్థిని చిత్తు చేసినచో 6. బరిలో దింపుటకు మనిషియే లేకున్నను ఎదుటివారికి 6 పాయింట్లు పోవును. ఖాళీగా విడిచిన మెట్టు చిత్తుగా ఓడిన మెట్టుతో సమానమన్నమాట. శిక్షకుని నిదుర చెడగొట్టునది ఈ చిన్న నిబంధనయే.

జట్టును కట్టుటలో తొలి ఘనుడు ఎడ్వర్డ్ గాలగర్. ఆయన విద్యుత్తు ఇంజనీరింగు చదివినవాడు. స్వయముగా మల్లుడు కాడు! 1916 నుండి 1940 వరకు ఓక్లహోమా రాష్ట్రమున స్టిల్‌వాటర్ కళాశాలకు శిక్షకుడై, ఇంజనీరు యంత్రమును పరిశీలించినట్లు పట్టులను పరిశీలించి నేర్పెను. 1928లో ఏమ్స్ నగరమున జరిగిన మొట్టమొదటి జాతీయ పోటీలో ఆయన జట్టే ప్రథమము. అట్టి విజయములు మొత్తము 11. తరువాతి కాలమున అయోవా విశ్వవిద్యాలయ శిక్షకుడు డాన్ గేబుల్ 21 ఏండ్లలో 15 జాతీయ విజయములు సాధించెను. కొత్త విద్యార్థిని ఒక యేడు పోటీకి దింపక అభ్యాసమునందే ఉంచి, వాని నాలుగేండ్ల అర్హతను చెక్కుచెదరకుండ కాపాడు పద్ధతి ఈ కళాశాలలకు పెట్టని కోట. ముందువాడు వెడలినచో వెనుకవాడు సిద్ధము.

అయితే నిచ్చెన నింపుటకు మరియొక దారి, మిక్కిలి క్రూరమైనది, ఉండెను. 150 పౌనుల వద్ద సమర్థులు ముగ్గురున్నచో ఒకనిని ఎండగట్టి క్రింది మెట్టునకు దింపుట. నీరు మాని, రబ్బరు దుస్తులు తొడిగి, కాగిన గదులలో చెమటోడ్చుట. 1997 నవంబరు, డిసెంబరు నెలలలో మూడు వేర్వేరు కళాశాలలకు చెందిన ముగ్గురు విద్యార్థులు ఇట్లు బరువు తగ్గింపబోయి ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట రబ్బరు దుస్తులు, ఆవిరి గదులు నిషిద్ధములైనవి. తూకమును పోటీవేళకు దగ్గరగా జరిపిరి. 118 పౌనుల అడుగు మెట్టు 125కు పెరిగినది. నిబంధనలు మారుటకు మూడు చావులు కావలసివచ్చుట మాకు నేటికిని మింగుడు పడని విషయము.

ఇక ప్రతి మెట్టునకును ఆ కొలత మనిషినే వెదకి తేవలెను. వేతనములా, జట్టు మొత్తమునకు 9.9 మాత్రమే! పదిమందికి తలకొకటి కూడ రాదు. వానిని ముక్కలు చేసి, ఒకనికి సగము, ఒకనికి పావు, మరియొకనికి పుస్తకముల ఖర్చు పంచుటలోనే శిక్షకుని నేర్పు బయటపడును.

ఆ నేర్పునకు 2001 మార్చి నెల పోటీలు సాక్ష్యము. మిన్నెసోటా శిక్షకుడు జె రాబిన్సన్ ఒకప్పుడు గేబుల్ వద్ద సహాయకుడు. 1999లో ఆయన జట్టు అయోవాకు కేవలము 2 పాయింట్లతో ఓడినది. రెండేండ్ల పిమ్మట పోటీలు జరిగినది ఆ అయోవా వారి గోదాలోనే. మిన్నెసోటా పదిమందిలో ఒక్కడును తుదిపోరునకు చేరలేదు. కాని పదిమందికి పదిమందియు తమ తమ బరువులలో మొదటి ఎనిమిది స్థానములలో నిలిచిరి! మిన్నెసోటాకు 138.5, అయోవాకు 125.5. చివరి రాత్రి అందరును తుదిపోరులు చూచుచుండగా, బరిలో తమవాడొక్కడును లేని జట్టు జాతీయ విజేత యైనది.

అదే పోటీలో అయోవా స్టేట్ మల్లుడు కేల్ శాండర్సన్ తన బరువున మూడవసారి విజేత. 2002 నాటికి ఆయన 159 కుస్తీలు పట్టి ఒక్కటియు ఓడలేదు. ఆ నాలుగేండ్లలో ఆయన కళాశాలకు జట్టు విజయము ఒక్కసారియు దక్కలేదు.

2025లో న్యాయస్థానపు ఒడంబడికతో 9.9 లెక్క తొలగినది. అందులో చేరిన కళాశాలలు వేతనములు ఎన్నియైన ఈయవచ్చును గాని, జట్టున 30 మందికి మించరాదు. అప్పటికే ఉన్నవారికి కొంత మినహాయింపు దొరికినది. కాని ఇంతకుముందు వేతనము లేకయే చేరి, అభ్యాసపు చాపపై మేటివారి క్రింద నలుగుచు, ఎప్పుడో ఒకనాడు ఖాళీ మెట్టు నెక్కిన కుర్రవాండ్రు ఎందరో. ఇకపై ముప్పది యొకటవవాడుగా వచ్చు కుర్రవానికి అట్టి జట్లలో చోటు లేదు.