క్రీడారంగంలో పెరుగుదల హార్మోను: నమ్మకం, నిషేధం, నిరూపణ

1989లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మానవ పెరుగుదల హార్మోనును నిషిద్ధ ద్రవ్యాల జాబితాలో చేర్చింది. అప్పటికి ఆ హార్మోను వాడకాన్ని క్రీడాకారుని శరీరంలో గుర్తించగల పరీక్ష లేదు. ఆరోగ్యవంతుని వేగాన్ని గాని, బలాన్ని గాని అది పెంచుతుందని నియంత్రిత ప్రయోగాలేవీ తేల్చలేదు. ఒక ద్రవ్యం ప్రభావం రుజువైన తరువాత నిషేధం, ఆపై పరీక్ష, ఆపై శిక్ష రావడం సహజమైన క్రమం. ఈ హార్మోను విషయంలో వాడకం ముందు, నిషేధం తరువాత, పరీక్ష మరికొంత కాలానికి, ప్రభావ నిరూపణ అన్నిటికన్నా చివర వచ్చాయి. ఈ తారుమారుకు కారణాలు హార్మోను వైద్య చరిత్రలోనే ఉన్నాయి.

పీయూష గ్రంథి స్రవించే ఈ హార్మోను 191 అమైనో ఆమ్లాలు గల ప్రోటీను. 1956లో చో హావో లీ, హెరాల్డ్ పాప్‌కాఫ్ దీనిని మానవ గ్రంథి నుండి వేరుచేశారు. పశువుల హార్మోను మనిషిపై పనిచేయదు కనుక మృతదేహాల నుండి సేకరించిన గ్రంథులే ఆధారమయ్యాయి. అలా లభించిన హార్మోనుతో మరుగుజ్జుతనానికి చికిత్స చేయవచ్చునని 1958లో మారిస్ రాబెన్ ప్రకటించారు. సరఫరా ఎంతో పరిమితం. పిల్లలకే చాలని ఆ మందు 1980ల ఆరంభంలోనే అమెరికా బాడీబిల్డర్ల రహస్య వినియోగంలోకి కొంత మళ్ళింది. 1985లో, బాల్యంలో ఈ చికిత్స పొందిన కొందరు యువకులు మెదడును క్షీణింపజేసే క్రూట్జ్‌ఫెల్ట్-జేకబ్ వ్యాధితో మరణించినట్లు వెల్లడైంది. అమెరికాలో గ్రంథి హార్మోను పంపిణీ నిలిచిపోయింది. అదే ఏడాది జెనెన్‌టెక్ సంస్థ జన్యు సాంకేతికతతో తయారుచేసిన హార్మోనుకు అనుమతి లభించింది. కొరత తీరడంతో అక్రమ విపణికీ దారి సుగమమైంది.

1989 మరి రెండు విధాలుగా కూడా ముఖ్యమైన సంవత్సరం. కెనడాలో జరిగిన డబిన్ విచారణలో పరుగువీరుడు బెన్ జాన్సన్ స్టెరాయిడ్లతో పాటు పెరుగుదల హార్మోనును కూడా వాడినట్లు అంగీకరించాడు. సియోల్‌లో అతనిని పట్టించింది స్టానోజోలాల్ మాత్రమే. హార్మోను సంగతి అతని ఒప్పుకోలు వల్లనే బయటపడింది. అదే ఏడాది లండన్ పరిశోధకులు హార్మోను లోపం గల 24 మంది వయోజనులపై చేసిన ప్రయోగ ఫలితాలను వెలువరించారు. ఆరు నెలల చికిత్సలో వారి కొవ్వురహిత దేహభారం సగటున 5.5 కిలోలు పెరిగింది, కొవ్వు 5.7 కిలోలు తగ్గింది. లోపం గలవారిలో కనిపించిన ఈ మార్పే లోపం లేనివారిలోనూ కలుగుతుందన్న ఊహ వ్యాయామశాలల నమ్మకానికి శాస్త్రీయతను అరువిచ్చింది. ఆ ఊహ తర్కబద్ధమైనది కాదు. దాహం గొన్నవానికి నీరు బలమిచ్చినంత మాత్రాన దాహం తీరినవానికీ ఇవ్వాలన్న నియమం లేదు.

పరీక్ష లేని ఆ కాలంలో హార్మోను శరీరాలలో కాక సామానులో దొరికింది. 1998 జనవరిలో పెర్త్ ప్రపంచ పోటీలకు వెళుతున్న చైనా ఈత క్రీడాకారిణి యువాన్ యువాన్ వద్ద సిడ్నీ విమానాశ్రయంలో 13 సీసాలు పట్టుబడ్డాయి. ఆ జులైలో టూర్ ద ఫ్రాన్స్‌కు ముందు ఫెస్టినా జట్టు సహాయకుని కారులో దొరికిన మందులలోనూ ఈ హార్మోను ఉంది. రెండుచోట్లా పట్టుకున్నది తనిఖీ అధికారులే. ప్రయోగశాలల పాత్ర ఏమీ లేదు.

ప్రయోగశాలల ఇబ్బంది చిన్నది కాదు. కృత్రిమ హార్మోను సహజ హార్మోనులోని ప్రధాన రూపానికి అచ్చమైన ప్రతి. పైగా సహజ స్రావం నిద్రలోను, వ్యాయామంలోను ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది కాబట్టి, రక్తంలో మోతాదు ఎక్కువైనంత మాత్రాన దోషం రుజువు కాదు. గ్రంథి పలు రూపాల హార్మోనును స్రవిస్తే ఇంజెక్షన్‌లో ఒకే రూపం ఉంటుంది. ఆ నిష్పత్తిలోని తేడాను కొలిచే పరీక్షను 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టారు. తొలిసారి ఆ పరీక్షకు చిక్కినది బ్రిటిష్ రగ్బీ లీగ్ ఆటగాడు టెరీ న్యూటన్. అది వెల్లడైనది 2010 ఫిబ్రవరిలో.

ప్రభావం గురించిన తొలి బలమైన ఆధారం కూడా 2010లోనే వచ్చింది. అంతకుముందు, 2008లో వెలువడిన ఒక సమీక్ష ఆరోగ్యవంతులపై జరిగిన ప్రయోగాలను క్రోడీకరించి, కొవ్వురహిత దేహభారం సుమారు 2.1 కిలోలు పెరిగినా బలం పెరిగిన దాఖలా లేదని తేల్చింది. ఆ పెరుగుదలలో కొంత కండ కాక నిలిచిపోయిన నీరు కావచ్చు. 2010లో సిడ్నీ పరిశోధకులు 96 మంది ఔత్సాహిక క్రీడాకారులకు ఎనిమిది వారాలపాటు హార్మోను గాని ప్లాసిబో గాని ఇచ్చారు. పురుషులలో కొందరికి టెస్టోస్టెరాన్ కూడా జోడించారు. బలం, ఓర్పు మారలేదు. సైకిల్ ఎర్గోమీటరుపై కొలిచిన స్ప్రింట్ సామర్థ్యం మాత్రం 3.9 శాతం, టెస్టోస్టెరాన్ కలిసినప్పుడు 8.3 శాతం పెరిగింది. మందు ఆపిన ఆరు వారాలకు ఆ లాభం నిలవలేదు. ఇది ప్రయోగశాల సైకిలుపై ఔత్సాహికుల ఫలితమే గాని ట్రాక్‌పై ఒలింపియన్ల ఫలితం కాదు. రహస్యంగా వాడే భారీ మోతాదులను, మిశ్రమాలను పరీక్షించడానికి నైతిక నియమాలు ఒప్పుకోవు కనుక ఈ అంతరం ఇకముందూ పూడకపోవచ్చు.

అయినా 21 ఏళ్ళ ముందటి నిషేధాన్ని నిరాధారమనలేం. 2003 నాటి ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి సామర్థ్యాన్ని పెంచే అవకాశం, ఆరోగ్యానికి హాని, క్రీడాస్ఫూర్తికి భంగం అనే మూడు ప్రమాణాలలో రెండు చాలునంది. మొదటి దానికి కూడా పెంచగల అవకాశమే చాలు. పెంచినట్లు నిరూపణ అక్కరలేదు. నిషేధానికి ఆ వెసులుబాటు చెల్లింది, వ్యక్తిని శిక్షించేటప్పుడు చెల్లలేదు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఎస్టోనియా స్కీ క్రీడాకారుడు ఆండ్రుస్ వీర్‌పాలు 2011లో ఈ పరీక్షలో దోషిగా తేలాడు. 2013 మార్చిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం అతనిపై శిక్షను కొట్టివేసింది. పరీక్షా పద్ధతి నమ్మదగినదేననీ, అతడు హార్మోను వాడి ఉండవచ్చని చాలా అంశాలు సూచిస్తున్నాయనీ అంటూనే, దోషాన్ని నిర్ణయించే పరిమితులను ఏ గణాంకాలపై నిలిపారో డోపింగ్ నిరోధక పక్షం రుజువు చేయలేకపోయిందని తీర్పు చెప్పింది.