మైకు సెట్టు, బేస్ వాద్యము: ఆదోని, ఎమ్మిగనూరు సీమ

కర్నూలు జిల్లా పడమటి భాగమున, తుంగభద్రకు దక్షిణముగా నున్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములును, వాటి చుట్టునుగల నల్లరేగడి పల్లెలును జాతరలకు, నాటకములకు, ఊరేగింపులకు పేరుపడిన సీమ. ఇచ్చట నలుగురైదుగురు కళాకారులు కూడి ఏర్పరచుకొను చిన్న వాద్యబృందములు తమ గానమును జనసమూహమునకు వినిపించుటకై వాడు సామగ్రికి లోకవ్యవహారమున మైకు సెట్టు అని పేరు. మైకు, ఆంప్లిఫయరు, హారన్లు, స్పీకరు బాక్సులు, ఇటీవలి కాలమున మిక్సరు మున్నగునవన్నియు ఈ పేరులోనే ఇమిడియున్నవి. ఈ సామగ్రి చరిత్రను పరిశీలించువారికి విశదముగా గోచరించు విషయమొకటి కలదు. మైకు సెట్టు మాటకొరకు పుట్టినది. రాగమునకు, తాళమునకు ఆధారమై నిలుచు మంద్రనాదము దానిలో చిరకాలము చోటు సంపాదింపలేకపోయినది.

యంత్రములు రాకపూర్వము ఈ సీమకు మంద్రనాదము కొరతపడలేదు. పుష్యమాసమున ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర, శ్రావణమున ఉరుకుంద ఈరన్నస్వామి ఉత్సవము, విజయదశమి రాత్రి దేవరగట్టు మాళమల్లేశ్వరుని బన్ని ఉత్సవము, ఇట్లు ఏడాది పొడుగునను సాగు వేడుకలలో పెద్ద చర్మవాద్యములు మ్రోగునపుడు ఆ నాదమును చెవికన్న ముందు వక్షఃస్థలమే గ్రహించును. కురువల డొల్లులు, గొరవయ్యల డమరుకములు, పొరుగున అనంతపురము సీమలో ఒకవైపు కొట్టుచు వేరొకవైపు పుల్లతో రాయుచు మ్రోగించు ఉరుములు, ఇవన్నియు విశాలమైన బయలును నింపుటకే పుట్టిన వాద్యములు.

నాటకరంగమున స్థితి వేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో అంతర్భాగమై యుండెను. ధర్మవరము రామకృష్ణమాచార్యుల (1853–1912) సరసవినోదినీ సభకును, కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమా సభకును, తదుపరి బళ్ళారి రాఘవ (1880–1946) నటనకును నెలవైన ఆ జిల్లా నాటకసంస్కారము ఆదోని ప్రజలకు పరాయిది కాదు. ఆనాటి నటునకు కంఠమే సాధనము. నాలుగు, ఐదు శ్రుతులలోను, శక్తిగలవారు అంతకన్న హెచ్చు శ్రుతిలోను పద్యమెత్తుకొనుట కేవలము గాత్రవైభవ ప్రదర్శనము కాదనియు, ఉచ్చస్వరము వెనుక వరుసలవరకు చొచ్చుకొని పోవునను అనుభవమే దానికి మూలమనియు తోచుచున్నది. హార్మోనియము కంఠమునకు తోడుపడినది గాని, అడుగుననుండి ఎత్తిపట్టు గంభీరనాదము పద్యనాటకమున తబలా డగ్గాకు మించి లేకుండెను.

పాశ్చాత్యదేశములలో ధ్వనివిస్తరణమునకు నాంది పలికినవారు పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిఢామ్ అను నిరువురు. అయస్కాంతక్షేత్రమున కదలెడు తీగచుట్టతో తాము నిర్మించిన యంత్రమునకు హారను తగిల్చి, 1915 డిసెంబరు 24న శాన్ ఫ్రాన్సిస్కో నగరభవనము నెదుట వేలకొలది జనులకు ప్రసంగములను, గానమును వినిపించిరి. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనువారు హారను లేకయే కాగితపు శంకువును కదలించు స్పీకరును వెల్లడించిరి. నేటి బాక్సులన్నిటికిని మూలము ఆ రెండవదే యైనను, మన దేశమున చిరకాలము రాజ్యమేలినది మొదటిది. స్వాతంత్ర్యోద్యమకాలపు ఛాయాచిత్రములలో గాంధీమహాత్ముని ముందున్న మైకుపై కనబడు ‘షికాగో రేడియో’ అను పేరు మోత్వానీ కుటుంబపు వ్యాపారసంస్థది. 1940లో స్థాపితమైన ఆహూజా సంస్థ సామగ్రి తరువాతి దశాబ్దములలో చిన్న పట్టణముల మైకు సెట్టు దుకాణములన్నిటను వ్యాపించినది. విద్యుత్తు చేరని పల్లెలకు బ్యాటరీతో నడచు ఆంప్లిఫయరు ఎడ్లబండి నెక్కి పోవుచుండెను. వెదురుబొంగు చివర కట్టిన హారను పాట వినిపించిననాడే ఆ యింట పెండ్లియని ఊరు గుర్తించుచుండెను.

హారను మాటను మైళ్ళకొలది మోయును, బేస్‌ను, అనగా మంద్రనాదమును, మోయలేదు. దీనికి కారణము యంత్రము నాసిరకముదగుట కాదు, ప్రకృతినియమము. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పయనించును. బేస్ గిటారు లావుతీగ సెకనుకు 41 పర్యాయములు కంపించును గావున, ఆ స్వరపు తరంగము ఎనిమిది మీటర్లకు పైచిలుకు పొడవుండును. హారను ఒక స్వరమును చక్కగా వెలువరింపవలెనన్న దాని నోటి చుట్టుకొలత ఇంచుమించు ఆ స్వరపు తరంగము పొడవునకు సరిపోవలెను. అనగా ఈ స్వరమునకు రెండున్నర మీటర్లకు మించిన వ్యాసముగల నోరు కావలెను. ఊరి హారను నోరు మూరెడు వెడల్పుండును. సెకనుకు 300 కంపనములకు దిగువనున్న నాదము దానినుండి క్షీణించియే వెలువడును. మాట స్పష్టముగా వినబడుటకు ఆ పైభాగము చాలును గనుక ఉపన్యాసకునకు లోపమేమియు తోచలేదు. దూరపు హారన్లకు విద్యుత్తును చేర్చు నూరు వోల్టుల లైనుననుండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కూడ మంద్రస్వరములను మరికొంత హరించుచుండెను. అయినను శ్రోతలు ఆ పాటలను ప్రేమించిరి. అనుస్వరములు వినబడినచో లేని మూలస్వరమును మనస్సే పూరించుకొనుట మానవశ్రవణమునకుగల ఒక అద్భుతశక్తి.

బేస్ గిటారు పుట్టుక ఈ మంద్రనాదపు కొరతకు సంబంధించినదే. నిలువెత్తు డబుల్ బేస్ వాద్యము తక్కిన వాద్యముల హోరులో వినబడక, ప్రయాణమునకు భారమై యుండగా, 1930లలో సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ విద్యుత్ బేస్‌ను నిర్మించెను. 1951లో లియో ఫెండర్ వెలువరించిన ప్రెసిషన్ బేస్ లోకమంతట వ్యాపించినది. దానికి మెట్లుండుటచే స్వరస్థానము తప్పదనుటయే ఆ పేరులోని భావము. వాద్యము సిద్ధించినను దానిని పలికించు పెట్టె వెంటనే సిద్ధింపలేదు. ఆంపెగ్ సంస్థ 1969లో మూడువందల వాట్ల ఎస్.వి.టి. ఆంప్లిఫయరును, పది అంగుళముల స్పీకర్లెనిమిది గల పెట్టెను తెచ్చువరకు పెద్ద సభలలో బేస్ వాద్యకారునకు గిటారువాద్యకారునితో సమానమైన గౌరవము దక్కలేదు. పెట్టె ఘనపరిమాణమును, స్పీకరు స్వభావమును గణితముతో ముడిపెట్టి నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అను శాస్త్రజ్ఞులు 1960, 70లలో చేసిన కృషివలననే చిన్న పెట్టెనుండి గంభీరనాదమును రాబట్టుట సాధ్యమైనది. ఊరి వడ్రంగి ప్లైవుడ్డుతో చేసియిచ్చు బాక్సులు ఈ గణితమును పాటించినచో మధురముగా మ్రోగును, పాటింపనిచో ఒకే స్వరమున గుయ్యిమనును.

తెలుగువారి చెవికి బేస్‌ను అలవరచినది మద్రాసు చలనచిత్ర సంగీతము. నెల్లూరు సీమవాడైన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము 1960ల చివర మద్రాసున నడపిన చిన్న వాద్యబృందములో ఇళయరాజా, భాస్కర్, గంగై అమరన్ సోదరులు వాద్యకారులుగా నుండిరి. 1976లో సంగీతదర్శకుడైన ఇళయరాజా తన పాటలలో బేస్ గిటారును గాత్రమునకు క్రింద స్వతంత్రముగా నడచు రెండవ రాగరేఖగా తీర్చిదిద్దెను. హారనులో మాయమైన ఆ రేఖ క్యాసెట్టు యుగమున టేప్‌రికార్డరునుండి వినబడినంతనే, అంతవరకు పాటను పల్లవిగా మాత్రమే ఎరిగిన యువకులు దాని అడుగున వేరొక నడక కలదని గుర్తించిరి. తెలుగుసీమ సంగీతచరిత్రలో ఇది చిన్న విషయము కాదని నా నిశ్చితాభిప్రాయము.

అయినను ఈ సీమ ఆర్కెస్ట్రాలలోనికి బేస్ గిటారు విరివిగా రాలేదు. 1980ల నుండి కీబోర్డు వచ్చినది; 1985లో రోలాండ్ సంస్థ వెలువరించిన ఆక్టోప్యాడ్ అను విద్యుత్ తాళవాద్యము క్రమముగా పల్లెవేదికలకెక్కినది. ఒక్కని పారితోషికము మిగులునని కీబోర్డువాద్యకారుని ఎడమచేతికే బేస్ పనిని అప్పగించుట ఆచారమైనది. కురుక్షేత్రము నాటకమునకు సయితము నేడు హార్మోనియము స్థానమున కీబోర్డు, తబలా ప్రక్కన ప్యాడ్ కనబడుచున్నవి. వ్యయదృష్టితో ఇది సమంజసమే కాని, ఎడమచేయి ఎప్పుడును కుడిచేతికి సేవకుడే. తీగపై వ్రేలు స్వరమును ఎంతసేపు నిలుపవలెనో, ఎప్పుడు ఆపవలెనో స్వయముగా నిర్ణయించు వాద్యకారుడు లేని బృందములో తాళము నిలుచును గాని ఊపిరి పీల్చుకొనదు.

చిన్న బృందమున బేస్ వాయించుటలో ప్రధానమైన సమస్య చోటు. డగ్గా, ఢోలక్ ఎడమముఖము, ప్యాడ్‌లోని పెద్ద డ్రమ్ము, ఇవన్నియు బేస్ స్వరములుండు తావుననే మ్రోగును. అన్నియు ఒక్కసారి మ్రోగినచో వినువారికి స్వరము తెలియక మొరటు శబ్దమే మిగులును. అందుచే అనుభవజ్ఞుడు డగ్గా గుమికి పలుకునపుడు తన స్వరమును కురుచచేయును. లేదా డగ్గా విడిచిన ఖాళీలో తన స్వరమును నిలుపును. పద్యమునందు తాళము లేదు గావున అచ్చట బేస్ నడక తగదు. ఐదు శ్రుతిలో పాడు నటునకు లావుతీగ మూడవ మెట్టుపై, సెకనుకు 49 కంపనములుగల షడ్జమును మెల్లగా మోగించి విడుచుటయే ఔచిత్యము. ఆలాపన పంచమమున నిలిచినపుడు ఆ షడ్జము దానికి పీఠమగును. నటుడు మధ్యమమునకు దిగినపుడు వాద్యకారుడును వెంట దిగినచో పద్యము చెడును.

ఇక సామగ్రి అమరిక. బయలున గోడలు లేనందున మంద్రనాదము తిరిగి రాదు. శ్రోతకు రెట్టింపు బిగ్గరగా వినబడవలెనన్న సుమారు పదిరెట్ల శక్తి కావలెను. కావున శక్తిని పెంచుటకన్న బేస్ బాక్సులను విడదీయక ప్రక్కప్రక్కన చేర్చి, నేలపై ఆనించి పెట్టుట మేలు. బోలుగానున్న చెక్కవేదికపై పెట్టినచో పలకలే మ్రోగి మైకులలోనికి చొరబడును. గిటారును డి.ఐ. బాక్సు అను అనుసంధానపు పెట్టె ద్వారా నేరుగా మిక్సరునకు కలిపి, వేదికపైని ఆంప్లిఫయరును వాద్యకారుడు తాను వినుటకు చాలునంత మాత్రమే ఉంచుకొనవలెను. మైకు కూతపెట్టుటకు హేతువు స్పీకరునుండి వెలువడిన ధ్వని మరల మైకును చేరుటయే. కావున స్పీకర్లు గాయకునికన్న ముందుండవలెను. గాత్రపు మైకులో వందకు దిగువనున్న కంపనములను తగ్గించినచో గాయకునకు నష్టములేదు, బేస్‌కు చోటు దొరకును. ఈ చిన్న సవరణను పాటించు మైకు సెట్టువారు అరుదు.

గత రెండు దశాబ్దములలో పదునెనిమిది అంగుళముల సబ్‌వూఫర్లతో లారీలపై వచ్చు డీజేలు ఉత్సవములను ఆక్రమించినవి. మంద్రనాదము కొరత తీరుటయే కాదు, మితిమీరినది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు, తదుపరి సవరణలతో కూడి, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడ్‌స్పీకర్లను నిషేధించి, ఏడాదికి 15 దినములకు మించకుండ ఉత్సవములకు అర్ధరాత్రివరకు సడలింపు నిచ్చుటకు రాష్ట్రప్రభుత్వములకు అధికారమిచ్చినవి. నివాసస్థలములలో పగటి హద్దు 55 డెసిబెళ్ళు, రాత్రి హద్దు 45. కాని ఈ హద్దులను కొలుచు ‘ఏ’ మాపనపద్ధతి సెకనుకు 50 కంపనములుగల నాదమును సుమారు 30 డెసిబెళ్ళు తగ్గించి లెక్కించును. ఇండ్ల తలుపులదరుచున్నను మాపకము అంతటి పీడను పూర్తిగా చూపదు. అందువలన ఊరినడుమ వాయించు బాధ్యతగల చిన్న బృందములు మాపకమును నమ్ముకొనక, సెకనుకు 40 కంపనములకు దిగువనున్నదంతయు మిక్సరులోనే తొలగించి, బేస్ బాక్సులను దగ్గరి ఇండ్లవైపు కాక మైదానమువైపు త్రిప్పి, పద్యఘట్టములలో వాటి శబ్దమును సగమునకు దించి వాయించుచున్నవి.