పై పెదవికి మూడో వంతు

సన్నాయికి పీక ఉంటుంది. ట్రంపెట్‌కు, కార్నెట్‌కు అదీ లేదు. గిన్నెలాంటి మౌత్‌పీస్‌కు ఆనించిన పెదవులే అదిరి స్వరం పలకాలి. ఆ పెదవుల పట్టునే ఫ్రెంచివాళ్లు ఆంబుషూర్ అన్నారు.

1864లో పారిస్‌లో జాఁ బాప్తిస్త్ ఆర్బాన్ కార్నెట్ సాధనకు పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. మౌత్‌పీస్ పెదవుల మధ్యలో ఉండాలి, పై పెదవి మీద మూడో వంతు, కింది పెదవి మీద రెండు వంతులు అన్నాడు. అది తాను పాటించే పద్ధతేనని కూడా రాశాడు, నిజాయితీపరుడు! హార్న్ వాద్యకారుల లెక్క సరిగ్గా తలకిందులు: పైన రెండు వంతులు, కింద ఒకటి.

పై స్థాయి అందాలంటే నవ్వినట్టు పెదవులు సాగదీయమని పాత గురువులు చాలామంది చెప్పేవారు. సాగితే పెదవి పలచబడుతుంది, మౌత్‌పీస్ ఒత్తిడికి నలుగుతుంది. షికాగో సింఫనీలో హార్న్ వాయించిన ఫిలిప్ ఫార్కస్ 1956 నాటి పుస్తకంలో మధ్యేమార్గం చూపాడు. మూలలు బయటికి లాగుతుంటే, ఈల వేస్తున్నట్టు మధ్యభాగం ముడుచుకోవాలి. రెండూ ఒకేసారి.

ఆ ఒత్తిడికి మూల్యం చెల్లించినవాడు జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1930లలో పెదవులు చిట్లి వాయిద్యం పక్కన పెట్టాల్సి వచ్చింది. నోటి చుట్టూ ఉండే కండరం చిరిగే గాయానికి తర్వాత వైద్యులు ఆయన ముద్దుపేరే తగిలించారు: సాచ్మో సిండ్రోమ్.

బుగ్గలు ఉబ్బించడం తప్పని బడుల్లో నేర్పుతారు. మరో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ మాత్రం కప్పలా బుగ్గలు పొంగించే జీవితమంతా ఊదాడు.