ఫ్రెంచ్ రెడ్ వైన్: తక్కువ ధరకు మంచి సీసా కావాలంటే పక్క ఊరు చూడాలి

ఫ్రాన్స్‌లో వైన్ సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు ద్రాక్ష రకం పేరు కాదు, ఊరి పేరు. షినాన్, ఫ్లూరీ, కాఓర్, జిగోండాస్... ఇవన్నీ ఊళ్లే. ఫలానా పరిధిలో, ఫలానా ద్రాక్షతో, ఫలానా నిబంధనల ప్రకారం చేసిన వైన్‌కే ఆ పేరు వాడుకునే హక్కు ఉంటుంది. 1935లో చట్టం తెచ్చిన ఈ విధానాన్ని ‘ఏఓసీ’ అంటారు.

ధరలో పెద్ద వాటా ఆ పేరుదే. పేరున్న ఊరి పొలిమేర దాటితే ధర సగానికి పడిపోవచ్చు. మట్టి, ఎండ మాత్రం పొలిమేర దగ్గర ఆగిపోవు. స్నేహితులతో కూర్చుని నాలుగైదు రకాలు రుచి చూడాలనుకునేవారికి ఈ ఒక్క విషయం తెలిస్తే సగం పని అయినట్టే.

ఉదాహరణకు దక్షిణాన రోన్ నది లోయలోని షాటోనఫ్ డ్యూ పాప్. 1936లో ఏఓసీ గుర్తింపు పొందిన తొలి పేర్లలో ఇదొకటి. అక్కడి సీసాకు ఫ్రాన్స్ దుకాణాల్లోనే సుమారు 30 యూరోలు, ఆపైన పెట్టాలి. కారులో గంట ప్రయాణంలోపే వాకెరాస్, జిగోండాస్, కెరాన్ ఊళ్లున్నాయి. ద్రాక్ష దాదాపు అదే: గ్రెనాష్, సిరా, మూర్వెద్ర. (సిరా పేరుకు తగ్గట్టే ముదురు రంగులో ఉంటుంది.) ధర మాత్రం బాగా తక్కువ. ఇంకా తగ్గాలంటే ‘కోట్ డ్యూ రోన్’ అని రాసి ఉన్న సీసా చాలాసార్లు 10 యూరోల లోపే దొరుకుతుంది.

డ్యూక్ వెళ్లగొట్టిన ద్రాక్ష

బర్గండీ రెడ్ వైన్లు పీనో న్వార్ ద్రాక్షతో చేస్తారు. అవి చవకగా దొరకవు, దొరికినా చవకవాటిలో నిరాశే ఎక్కువ. దాని దక్షిణాన ఉన్న బోజోలె వైపు వెళ్లడం మేలు. అక్కడి ద్రాక్ష గామే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ రకాన్ని తన తోటల్లోంచి పీకేయమని ఆదేశించాడు. అదే గామే బోజోలె గ్రానైట్ నేలల్లో బాగా కుదురుకుంది.

నవంబర్ మూడో గురువారం హడావుడిగా అమ్మే ‘బోజోలె నూవో’ చూసి ఈ ప్రాంతాన్ని అంచనా వేయకూడదు. ఇక్కడ మోర్గాన్, ఫ్లూరీ, మూలానావాన్ సహా పది ప్రత్యేక పేర్లున్నాయి. వాటి లేబుల్ మీద చాలాసార్లు బోజోలె అన్న మాటే ఉండదు. తెలియనివారు దాటిపోతారు, అందుకే ధర అంతగా పెరగలేదు.

బోర్డోలో రెండు లోకాలు

1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో తోటలకు ర్యాంకులిచ్చారు. ఆ జాబితాలోని పెద్ద పేర్ల సీసాలు నేటికీ వందల యూరోలు పలుకుతాయి. అదే జిల్లాలో చిన్న రైతుల వైన్ అమ్ముడుపోక పేరుకుపోయింది. 2023లో ఫ్రాన్స్ మిగులు వైన్‌ను పారిశ్రామిక ఆల్కహాల్‌గా మార్చేందుకు 20 కోట్ల యూరోలు కేటాయించింది. బోర్డోలో 9,000 హెక్టార్లకు పైగా తోటలు తీసేసే పథకమూ అదే ఏడాది ప్రకటించారు.

కొనేవారికి ఇది అవకాశమే. కానీ మరీ చవక సీసా వెనక ఖర్చు కూడా గిట్టని రైతు ఉండొచ్చు. రెండు మూడు యూరోలు ఎక్కువ పెట్టి ఫ్రాన్సాక్, కాస్తియోన్, కోట్ ద బూర్గ్ పేర్లు వెతకడం మంచిది. పొమెరోల్, సెంట్ ఎమిలియోన్ లాగే వీటిలోనూ మెర్లో ద్రాక్షదే పెద్ద వాటా. ‘మి ఆన్ బుతెయ్ ఓ షాతో’ లేదా ‘ఓ దొమేన్’ అని ఉంటే తోట దగ్గరే సీసాలో నింపారని అర్థం. ‘గ్రాండ్ వాన్’, ‘వియెయ్ వీన్య్’ లాంటి మాటలు నాణ్యతకు హామీ కావు.

ఇవి కాక లువార్ లోయ నుంచి షినాన్ (కాబెర్నే ఫ్రాంక్), దక్షిణం నుంచి కోర్బియేర్ లేదా మినెర్వ్వా, నైరుతి నుంచి కాఓర్ తీసుకోవచ్చు. కాఓర్‌లో కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలన్నది నిబంధన. అర్జెంటీనా పేరుతో ప్రసిద్ధమైన ఈ ద్రాక్ష అసలు ఊరు ఇదే.

ఏది ముందు?

తేలికైనది ముందు, వగరు ఎక్కువున్నది చివర. ఫ్లూరీ, షినాన్, ఫ్రాన్సాక్, వాకెరాస్, కోర్బియేర్, కాఓర్ అన్న వరుస బాగుంటుంది. ఇంగ్లిష్‌లో టానిన్ అనేదానికి తెలుగులో వగరు అన్న మాట సరిగ్గా సరిపోతుంది. జామపిందె కొరికినప్పుడు నాలుక పట్టేసినట్టుండేది అదే. పులుపు వేరు, అది నోట్లో నీరూరిస్తుంది. ఈ రెండూ విడిగా గుర్తుపట్టగలిగితే మిగతా వర్ణనలు తర్వాత నేర్చుకోవచ్చు.

750 మి.లీ. సీసాతో 50 మి.లీ. చొప్పున 15 మందికి పోయవచ్చు. ఆరు రకాలూ తాగితే ఒక్కొక్కరికి 300 మి.లీ., అంటే మామూలు గ్లాసులు రెండు. ఉమ్మడానికి ఒక గిన్నె, మంచినీళ్లు, ఉత్త రొట్టె దగ్గర పెట్టుకోవాలి. కారం కూరలు తర్వాతే. కారం వగరును మరింత పెంచుతుంది. తాగినవారు బండి నడపకూడదు.

సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి నంబర్లు వేయడం మరచిపోవద్దు. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూపిస్తే, రెడ్‌లలో ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు పేరున్న బోర్డోల కంటే కాలిఫోర్నియా వైన్‌కే ఎక్కువ మార్కులు వేశారు. పేరు కనిపిస్తే నాలుక నిజం చెప్పదు.

హైదరాబాద్‌లో అయితే

లెక్క మారిపోతుంది. దిగుమతి వైన్‌పై కేంద్రం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది, పైన రాష్ట్రాల పన్నులు. ఫ్రాన్స్‌లో ‘చవక’ అన్నది ఇక్కడ చవక కాదు. ఆరు కొనేకంటే మూడు కొని పక్కపక్కన పెట్టి పోల్చడం నయం. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులు సుంకం లేకుండా రెండు లీటర్ల వరకు తెచ్చుకోవచ్చు, అంటే రెండు సీసాలు. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చల్లటి యూరప్ ఇళ్లలో పుట్టింది. ఏప్రిల్ నెల హైదరాబాద్‌కు అది వర్తించదు. బరువైన వైన్లకు 16-18 డిగ్రీలు, ఫ్లూరీ లాంటివాటికి 13-14 డిగ్రీలు చాలు. పోసే ముందు అరగంటైనా ఫ్రిజ్‌లో ఉంచాలి. మిగిలిన సీసాకు బిరడా బిగించి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెడితే మర్నాటికీ బాగుంటుంది. కాఓర్ అయితే రెండో రోజు వగరు కాస్త తగ్గి ఇంకా మెత్తబడొచ్చు.