పాలమూరు పళ్లెంలో ప్రపంచం

గద్వాలలో పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు. కోటకు కొంచెం ఎడంగా ఉన్న టిఫిన్ బండి ముందు మీరు నిలబడి ఉన్నారు. ఒకపక్క పదేళ్ల కూతురు, ఇంకోపక్క ఏడేళ్ల కొడుకు. ఏప్రిల్ నెల, ఆదివారం. మధ్యాహ్నానికి ఎండ మాడు పగలగొడుతుందని తెల్లారగానే బయల్దేరారు. ఇవ్వాళ ప్రపంచం చూపిస్తానని పిల్లలకు మాటిచ్చారు. పిల్లవాడికి మాత్రం అనుమానమే. ప్రపంచం చూడాలంటే విమానం ఎక్కాలి కదా, గద్వాల బస్టాండు దగ్గర ఏం కనబడుతుంది?

బండి దగ్గరి అక్క నానిన బొరుగులను పిడికిళ్లతో పిండి తాలింపులోకి జారవిడుస్తోంది. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు, పైన పుట్నాల పొడి. ఉగ్గాని. పక్క బాండీలో మిరపకాయ బజ్జీలు పొంగి పైకి తేలుతున్నాయి.

"పిల్లలు కారం తింటరా సారూ?" అని అడుగుతుంది. మీరు జవాబు చెప్పేలోపే అమ్మాయి చేయి చాపింది. ఒక్క కొరుకుకే కళ్లల్లో నీళ్లు.

ఇదే అదను. ఆరు వందల ఏళ్ల కింద ఈ గడ్డ మీద మిరపకాయ అన్నదే లేదని చెప్పండి. అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చిందని చెప్పండి. "మరి అప్పుడు కారం ఎట్ల తిన్నరు నాయినా?" అంటాడు పిల్లవాడు. మిరియాలతో. ఆ మిరియాల కోసమే పోర్చుగీసువాళ్లు సముద్రాలు దాటి వచ్చారు. ఒక ఘాటు కోసం వచ్చి ఇంకో ఘాటు ఇచ్చి పోయారు. బజ్జీ తింటూ విన్న చరిత్రను ఏ పిల్లవాడూ మరిచిపోడు.

వెనక బెంచీ మీద రాయచూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం కూర్చుంది. ఆ అక్క వాళ్లతో కన్నడంలో మాట్లాడి, మీతో తెలుగులోకి తిరిగి, ఆటో అతనికి ఉర్దూలో చిల్లర లెక్క చెబుతోంది. ఆమెకు ఇదేమీ విద్య కాదు, రోజువారీ బతుకు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నడిగడ్డలో ఒక అంచు కర్ణాటకకు, ఇంకో అంచు కర్నూలుకు ఆనుకుని ఉంటాయి. పిల్లవాడి చెవిలో రెండు మాటలు వేసి పంపండి. వాడు ముసలాయన ముందు నిలబడి సిగ్గుపడుతూ "ఊటా ఆతేన్రీ?" అంటాడు. భోజనమైందా అని. ఆయన పగలబడి నవ్వి, "ఆతప్పా" అని వాడి తల నిమురుతాడు. చైనాలో పెద్దవాళ్లూ కొరియాలో పెద్దవాళ్లూ ఎదురైన మనిషిని ఇట్లాగే తిన్నావా అని పలకరిస్తారని అప్పుడు చెప్పండి. ఆకలి తెలిసిన నేలలన్నింటా పలకరింపు అన్నంతోనే మొదలవుతుంది.

చేనేత వాడలోకి నడిస్తే మనుషుల కంటే ముందు మగ్గాల చప్పుడు ఎదురొస్తుంది. గుంతమగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు, పక్కన సాయం పట్టే మనిషి. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేర్వేరు స్వభావాలు. అంచుకొక నాడె, ఒంటికొక నాడె, అవతలి అంచుకు ఇంకో నాడె. నూలు పోగు వచ్చి పట్టు పోగును మెలేసి వెనక్కి తిరుగుతుంది. ఆ మెలిక దగ్గర చీర చినిగితే నేతగాడి పరువు చినిగినట్టే. ఈ పనితనానికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

పిల్లలను ఆ మెలిక దగ్గర వంగి చూడమనండి. నూలు మనది, సింధు నాగరికత కంటే ముందు నుంచే ఈ ఉపఖండంలో పత్తి వడికారు. పట్టు చైనాది; అక్కడి నుంచి వేల మైళ్ల ఒంటె దారులు నడిచింది. ఆ రెండూ ఇక్కడ ఒకే చీరలో కలిశాయి.

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. సంస్థానాధీశుల కాలం నాటి ఆనవాయితీ ఇది. వాటిని నేసే రోజుల్లో నేతగాళ్లు నిష్ఠగా ఉంటారు. "వేరే దేశాల్లో కూడా దేవుడికి బట్టలు నేస్తరా?" అని అమ్మాయి అడుగుతుంది. నేస్తారు. జపాన్‌లో ఇసే మందిరంలోని సూర్యదేవతకు మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొత్తగా నేసిన పట్టువస్త్రం, నారవస్త్రం సమర్పిస్తారు. మక్కాలో కాబా మీద కప్పే నల్లని కిస్వాను ఏటా మారుస్తారు. ఈ మూడు చోట్లా భక్తి మగ్గం మీద నుంచే మొదలవుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివితే సమాచారం. నాడె ఉరుకుతుండగా వింటే అనుభవం.

వనపర్తి దారిలో జూరాల ఆనకట్ట దగ్గర వేయించిన చేపల వాసన బండి ఆపమంటుంది. ఆపకండి. భోజనం వనపర్తిలో.

వనపర్తి సంస్థానపు రాజప్రాసాదంలో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. ఎత్తయిన ఆ గోడల నీడలో నిలబడి పిల్లలకు ఒక కథ చెప్పండి. కథలా వినబడే నిజం అది. 19వ శతాబ్దంలో ఈ వనపర్తి రాజు కొలువులో ఆఫ్రికా సంతతి సైనికుల దళం ఉండేది. ఆ తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. వాళ్లే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు పక్కన మనం సిటీ బస్సులో దాటిపోయే ఏసీ గార్డ్స్, వాళ్ల పేరు మీద వెలిసిన పేటే. వాళ్లూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలూ తెచ్చిన మర్ఫా మోత ఇవాళ హైదరాబాదు పెళ్లి బరాత్‌లలో కులం మతం చూడకుండా అందరి చేతా చిందులేయిస్తోంది.

పిల్లవాడు తన మేనమామ పెళ్లిలో మర్ఫాకు ఎగిరినవాడే. ఇప్పుడు వాడి మొహం చూడండి. ఆఫ్రికా అంటే టీవీలో సింహాలు తిరిగే మైదానం అనుకున్నాడు. ఆ ఆఫ్రికా వనపర్తి దారిన నడిచిందని తెలిసింది.

ఆ దారి ఒకవైపే సాగలేదు. వనపర్తి రాజవంశీకులు జె.రామేశ్వరరావు స్వాతంత్ర్యం తర్వాత ఆఫ్రికా దేశాల్లో భారత ప్రతినిధిగా పనిచేశారు. తర్వాత మహబూబ్‌నగర్ నుంచి పార్లమెంటుకు వెళ్లారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు పిల్లల కోసం మన పురాణకథలను ఇంగ్లీషులో తిరగరాశారు. 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాల పెట్టారు.

ఇప్పుడు ఆకలి. చిన్న మెస్‌లో రేకుల కింద కూర్చుంటారు. లోపల పెనం మీద రొట్టె కొడుతున్న చప్పుడు. పళ్లెంలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల కారం, ఉల్లిగడ్డ ముక్క, పక్కన చింతపండు చారు. పాలమూరు మనిషి వందల ఏళ్లుగా తింటున్న తిండి అని మనం అనుకునే పళ్లెం ఇది.

పిల్లలకు ఒక ఆట పెట్టండి. పళ్లెంలో ఏది ఏ దేశం నుంచి వచ్చింది?

జొన్న సుడాన్ ప్రాంతంలో మనిషికి మచ్చికైంది. సుమారు నాలుగు వేల ఏళ్ల కింద మన దేశం చేరింది. చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికానే. పుంటికూరదీ ఆ ఖండమే. మనం ఆకు వండుకుంటాం, సెనెగల్‌లో దాని చుట్టాన్ని, అంటే ఎర్రటి కాయతొడిమలున్న రకాన్ని, మరిగించి బిసాప్ అనే చల్లని పానీయం చేసుకుంటారు. పల్లీ దక్షిణ అమెరికాది. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎర్రచెలకల్లో యాసంగి పంటగా ఇంత పండుతున్నా, దీని తాతముత్తాతలు బొలీవియా వైపువాళ్లు. ఉల్లిగడ్డ మధ్య ఆసియా నుంచి వచ్చింది. కంది మాత్రం అచ్చంగా మనది. అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టి, "అంటే మనది కందిపప్పు ఒక్కటేనా?" అని దిగాలుపడుతుంది.

దిగాలు పడాల్సిందేమీ లేదు. సుడాన్‌లో జొన్నపిండిని పులియబెట్టి, పెనం మీద పలచగా పరిచి కిస్రా వేస్తారు. మన అవ్వ అదే పిండిని వేడినీళ్లతో పిసికి చేత్తో తట్టి రొట్టె చేసింది. పశ్చిమ ఆఫ్రికాలో పల్లీలు నూరి మాఫే అనే పులుసు కాస్తారు, మనం కారం దంచుకుంటాం. గింజ ఎక్కడిదైనా చేతివాటం ఊరిది. సంస్కృతి అంటే ఆ చేతివాటమే.

తిండిలో, కట్టుబాట్లలో, ఆటల్లో చరిత్రను వెతికిన మనిషి ఈ నేల మీదే పుట్టాడని చారు తాగుతూ చెప్పండి. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి సొంతూరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న మొదటి పుస్తకం అదే. రాజులెవరు, యుద్ధాలెన్ని అని కాక జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగిన పుస్తకం. పిల్లలు పుట్టుకతో అడిగేవి కూడా ఆ ప్రశ్నలే.

నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట దిక్కు మళ్లాక ఒక లంబాడీ తండా దగ్గర మంచినీళ్లకు ఆగుతారు. వేపచెట్టు కింద కూర్చున్న అవ్వకు అమ్మాయి "రాం రాం యాడీ" అంటుంది. దారిలో మీరు నేర్పిన మాట. అవ్వ తమ భాష గోర్‌బోలీలో గలగలా ఏదో చెబుతుంది. మీకు సగమే అర్థమవుతుంది. మనవరాలు తెలుగులోకి మార్చి చెబుతుంది: వానకాలంలో తీజ్‌కు రండి, పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు ఆడతారు. లిపి లేని ఆ భాష రాజస్థానీకి దగ్గరిది. యూరప్‌లో ఊరూరా తిరిగిన రోమా ప్రజల భాష కూడా ఈ పెద్ద కుటుంబంలోదే. వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కింద ఈ దేశం నుంచే కదిలిపోయారు. మనవరాలు చేసిన పనిని మీ పిల్లలు గమనించారో లేదో అడగండి. ఆ పిల్ల ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడుతుంది. ఆమె దుబాసీ.

మన్ననూరు చేరేసరికి గాలి మారుతుంది. అమ్రాబాద్ గుట్టలు, నల్లమల నీడ. ఒక చెంచు గుడిసె ముందు చాప మీద ఇప్పపూలు ఎండుతున్నాయి. మత్తుగా, తియ్యగా వాసన. ఆ ఇంటి పెద్దను అడిగి, ఆయన సరేనన్నాకే పిల్లలను దగ్గరికి తీసుకెళ్లండి. చెంచులు చూడటానికి పెట్టిన బొమ్మలు కారు, పిలిస్తేనే మనం చుట్టాలం.

తేనె ఎట్లా తీస్తారని పిల్లవాడు అడుగుతాడు. కొండచరియ నుంచి తాడు మీద వేలాడుతూ తీస్తారు. పైన తాడు పట్టుకునేది సొంత అన్నదమ్ములు కాదు, బావమరిది. అక్కచెల్లెళ్ల బతుకు ఆ తాడు మీదే ఉంటుంది కాబట్టి వాడు చచ్చినా వదలడన్న నమ్మకం. చుట్టరికం ఎందుకో ఇంతకంటే సూటిగా చెప్పే పాఠం ఏ బడిలోనూ లేదు. అహోబిలం నరసింహస్వామి వీళ్లకు అల్లుడు. చెంచులక్ష్మి వీళ్ల ఇంటి ఆడబిడ్డ.

1940లో వియన్నాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచుల మధ్య ఉండి వాళ్ల బతుకును రాసుకున్నాడు. 1943లో అది పుస్తకమైంది. అంత దూరం నుంచి ఒక మనిషి వచ్చి నేర్చుకున్నదాన్ని, పొరుగు జిల్లా పిల్లలమైన మనం ఎరగకుండానే పెద్దవుతున్నాం.

చాలా బడుల్లో ఏడాదికొకసారి అంతర్జాతీయ దినం జరుపుతారు. బుగ్గల మీద జెండాలు, బల్ల మీద పిజ్జా ముక్కలు, నాలుగు భాషల్లో నమస్కారం. మరునాటికి అన్నీ మాసిపోతాయి. అదే తరగతిలో వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు అమ్మానాన్నలతో పుణెకో ముంబైకో వలసపోయి వచ్చినవాడు. వాడికి మరాఠీ వచ్చు, హిందీ వచ్చు, వడాపావ్ ఎట్లా కడతారో తెలుసు. బడి లెక్కలో మాత్రం వాడు వెనకబడిన విద్యార్థి. పాలమూరు కూలీలు దేశమంతా ఆనకట్టలు కట్టారు, మేడలు లేపారు. వాళ్ల పిల్లలు మోసుకొచ్చిన భాషలను మన బడులు ఒక్క మార్కుకు కూడా లెక్కగట్టలేదు. ఇది మారాలి.

తల్లిదండ్రులకు, పంతుళ్లకు ఒక్క మనవి. వలస నుంచి తిరిగొచ్చిన పిల్లవాడిని బోర్డు దగ్గరికి పిలిచి పది మరాఠీ మాటలు నేర్పమనండి. తండా పిల్లను గోర్‌బోలీలో ఒక కథ చెప్పమనండి. ఇంట్లో జొన్నపిండి పులియబెట్టి ఒకసారి కిస్రా పోసి చూడండి. బాగా రాకపోతే పిల్లలతో కలిసి నవ్వుకోండి. పళ్లెంలో ఉన్న ప్రతి గింజ పుట్టిల్లు పటంలో వెతికించండి. పొరుగువాడి తిండిని చూసి ముక్కు మూసుకోని పిల్ల, పొరుగువాడి యాసను విని నవ్వని పిల్ల రేపు ఏ దేశంలో దిగినా మనుషుల్లో కలిసిపోతుంది. ఆ చదువు గద్వాల, వనపర్తి, మన్ననూరుల్లో బస్సు ఛార్జీకే దొరుకుతుంది. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.